అడగకుండా తిన్న కూడు

మొగల్తూరు దిగువన, సముద్రం హోరు ఇంట్లోకి వినపడేంత దగ్గర్లో ఒక చేపలవాళ్ళ పేట ఉండేది. అందులో పల్లంరాజు అని ఒకాయన. ఆయన చేసిన ఘనకార్యాలంటూ ఏమీ లేవు లెండి. వల వేశాడు, చేప పట్టాడు, అరవై దగ్గరపడ్డాక ఒకనాటి పొద్దున కన్నుమూశాడు. ఆయన పోయాక కూడా పేటలో ఆడవాళ్ళు ఒక మాట చెప్పుకునేవారు. ఎవరింట్లో విస్తరి వేసినా, ఏ కూర వడ్డించినా, పల్లంరాజు ఇదేంటని అడిగి ఎరగడు. ఉప్పెక్కువైందనేవాడు కాదు, మాడిందనేవాడు కాదు. కూర్చునేవాడు, తినేవాడు, విస్తరి మడిచి లేచిపోయేవాడు.

తిండి దగ్గర మన జనానికున్నన్ని పేచీలు ఇంకెక్కడా కనపడవు. ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, పక్క విస్తరి ఎవరిది, ఇవన్నీ తేలితే గానీ ముద్ద నోట్లోకి పోదు. అలాంటి చోట పుట్టి అలాంటి చోటే పోయిన మనిషికి ఈ అలవాటు ఎక్కడ అబ్బిందో చెప్పాలంటే రంగూన్ దాకా వెళ్ళి రావాలి.

రైలు ఇంకా మన వైపు రాని రోజులు. ఒక ఏడు కార్తీకంలో వచ్చిన గాలివానకి పేటలో సగం పడవలు ముక్కలైపోయాయి. వాటిలో పల్లంరాజు, సత్తియ్య కలిసి నడిపే పడవ కూడా ఉంది. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, చిన్నప్పటినుంచీ ఒకే జట్టు. పల్లంరాజు పెళ్ళాం తొలి కాన్పులోనే బిడ్డతో సహా పోయింది. ఇంట్లో మిగిలింది తల్లి పెద్దింట్లమ్మ ఒక్కతే. సత్తియ్యకి మాత్రం వీరవేణితో పెళ్ళయి రెండేళ్ళే అయింది. పడవ లేని చేపలవాడు ఒడ్డున కూర్చుని ఏం చేస్తాడు, అలలు లెక్కపెడతాడా? ఇద్దరూ కూడబలుక్కుని నరసాపురంలో పడవెక్కి, కాలవల మీదుగా కాకినాడ చేరి, అక్కణ్ణుంచి పొగఓడలో రంగూన్ వెళ్ళిపోయారు. రెండేళ్ళలో కొత్త పడవకి సరిపడా సంపాదించుకుని వచ్చేస్తామని ఆడవాళ్ళిద్దరికీ చెప్పి మరీ వెళ్ళారు.

రంగూన్ రేవులో వాళ్ళకి చిన్న పడవ నడిపే పని దొరికింది. నడి ఏట్లో ఆగిన ఓడల నుంచి మనుషుల్ని ఒడ్డుకి చేర్చాలి. పని లేని పూట బురద మేటల్లో పీతలు పట్టేవాళ్ళు. ఆ పీతల్ని తీసుకెళ్ళి ఇచ్చే చోటు పెప్పయ్య హోటలు.

పెప్పయ్య అంటే మనవాడు అనుకునేరు. ఇటలీ దేశం వాడు. అసలు పేరు జుసెప్పో, పెప్పో ఏదో ఉండేదట, అది మన కూలీల నోళ్ళలో నలిగి నలిగి పెప్పయ్య అయి కూర్చుంది. కుర్రతనంలో ఓడల్లో వంటవాడుగా తిరిగాడు. అమెరికాలో న్యూయార్క్ అనే మహాపట్నంలో పదేళ్ళు పూటకూళ్ళ కొట్టు నడిపాడు. ఆ కొట్టు ఎందుకు పోయిందో, తనవాళ్ళు ఏమయ్యారో ఎవరికీ చెప్పకుండా మళ్ళీ ఓడెక్కి రంగూన్‌లో తేలాడు. బుర్రమీసాలు, పెద్ద బొజ్జ, నడుముకి ఎప్పుడూ ఒక తెల్ల గుడ్డ. తెలుగులో ఆయనకి రెండే రెండు మాటలు వచ్చు. ఒకటి 'కూర్చో', రెండోది 'తిను'. హోటలు నడిపేవాడికి అంతకంటే ఎక్కువ మాటలతో పనేముంది?

పల్లంరాజు పెరటి గుమ్మం దగ్గర పీతల బుట్ట దించి, లోపలికి తొంగి చూసేవాడు. పొడుగాటి బల్లలు, వాటిమీద ఎర్ర గళ్ళ గుడ్డలు. అమెరికా ఓడల్లోంచి దిగిన నావికులు, కచేరీ గుమాస్తాలు, చీనా వడ్రంగులు, అందరూ ఆ బల్లల చుట్టూనే చేరేవారు. ఒకడు లేవగానే ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చునేవాడు. ముందు కూర్చున్నవాడు ఎవడని వెనక వచ్చినవాడు అడిగేవాడు కాదు. ఉడకబెట్టిన వలతాడులాగా పొడుగ్గా ఉండే ఒక తెల్లటి పదార్థం, దానిమీద ఎర్రగా రామములగ పండ్ల, అదే టమాటాల, గుజ్జు, దానిమీద గుండ్రంగా మాంసం ఉండలు. వెల్లుల్లి వాసన వీధి చివరిదాకా వచ్చేది.

"ఏంట్రా అది, అలా జుర్రుకుంటున్నారు?" అని సత్తియ్య నవ్వేవాడు.

"నీకెందుకురా? పద, ఏట్లో ఆటుపోటు మారే వేళయింది" అనేవాడు పల్లంరాజు.

పెప్పయ్య రోజూ వాళ్ళిద్దరికీ ఒక కుర్చీ చూపించి "కూర్చో" అనేవాడు. వీళ్ళు రోజూ దండం పెట్టి వచ్చేసేవారు. పరాయివాడి కూడు తినరాదన్న సంగతి ఆయనకేం తెలుసు? ఏమీ అనుకోకుండా మర్నాడు మళ్ళీ "కూర్చో" అనేవాడు.

రెండో ఏడు వానల ముందు రేవులో గత్తర, అదే కలరా, తగిలింది. కూలీల కొట్టాల్లో పడుకున్నవాడు పడుకున్నట్టే పోతున్నాడు. ఒకనాడు పొద్దున సత్తియ్యకి వాంతులు మొదలయ్యాయి. అంతే, ఆ కొట్టంలో ఉన్న పద్దెనిమిది మందీ మూటలు సర్దుకుని వెళ్ళిపోయారు. అందరూ మన గోదావరి జిల్లా వాళ్ళే. వాళ్ళని తిట్టి లాభం లేదు, ప్రాణం ఎవరికైనా తీపే. కానీ ఒక్కడు, ఒక్కడైనా వెనక్కి తిరిగి చూడలేదంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పల్లంరాజు సత్తియ్యని భుజాన వేసుకుని వీధిలో పడ్డాడు. ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియదు. కాళ్ళు అలవాటు కొద్దీ పెప్పయ్య పెరటి గుమ్మానికి తీసుకెళ్ళాయి. పెప్పయ్య ఒక్క చూపు చూసి, హోటలు వెనక గదిలో తన మంచమే ఖాళీ చేసి ఇచ్చాడు. రెండు రోజులు తనే దగ్గర కూర్చుని, ఉప్పు వేసిన గంజి చెంచాతో నోట్లో పోశాడు. మూడో రోజు మధ్యాహ్నం సత్తియ్య "వీరవేణికి చెప్పు" అన్నాడు. ఏం చెప్పాలో చెప్పకుండానే పోయాడు.

పాడె కట్టాడు పల్లంరాజు. నాలుగు భుజాలు కావాలి కదా. వీధి వీధీ తిరిగి మనవాళ్ళని బతిమాలాడు, గత్తర శవమని ఒక్కడూ రాలేదు. తిరిగి వచ్చేసరికి పెప్పయ్య నడుముకున్న తెల్ల గుడ్డ విప్పి పక్కన పెట్టి, పాడె ముందుకొమ్ము పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక కొమ్ములకి హోటల్లో గిన్నెలు తోమే ఇద్దరు బర్మావాళ్ళు. నాలుగో భుజం పల్లంరాజుది. అలా పోయాడు సత్తియ్య కాటికి.

దహనం అయి, స్నానం చేసి వచ్చేసరికి హోటలు తలుపులు మూసి ఉన్నాయి. వచ్చినవాళ్ళని పెప్పయ్య గుమ్మంలోంచే పంపేస్తున్నాడు. పల్లంరాజుని మాత్రం చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. ఎర్ర గళ్ళ గుడ్డ పరిచిన బల్లమీద ఒక్కటే పళ్ళెం. "కూర్చో" అన్నాడు. పల్లంరాజు కూర్చున్నాడు. "తిను" అన్నాడు.

ఇక్కడ మీకు పేట ఆచారం ఒకటి చెప్పాలి. చావు జరిగిన ఇంట ఆ రోజు పొయ్యి వెలగదు. ఇరుగుపొరుగువాళ్ళు వండి తెచ్చి, గుమ్మంలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు. ఏం తెచ్చారని ఇంటివాళ్ళు అడగకూడదు, ఎవరు తెచ్చారని అడగకూడదు, వద్దని అసలే అనకూడదు. అంటే చావుని ఇంట్లోనే అట్టేపెట్టుకున్నట్టని వాళ్ళ నమ్మకం. పల్లంరాజుకి ఆ పళ్ళెం చూడగానే గుర్తొచ్చింది అదే. ఊరు కాని ఊళ్ళో, జతగాడు పోయిన రోజున, తనకి చావుకూడు పెట్టే మనిషి ఒకడు దొరికాడు. ముల్లులాంటి చెంచా చేతికిస్తే అది చేతకాక జారిపోయింది. పెప్పయ్య కూడా తన చెంచా పక్కన పడేసి, ఎదురుగా కూర్చుని, వేళ్ళతోనే తినడం మొదలుపెట్టాడు. పల్లంరాజు ఏడుస్తూనే పళ్ళెం ఖాళీ చేశాడు. అందులో ఏముందని అడగలేదు.

ఆ నెలలోనే ఓడెక్కి ఇంటికి వచ్చేశాడు.

వీరవేణి ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక, ఒకనాడు చేపలు ఎండబెట్టే ఇసకమేట మీద ఆయన్ని అడిగింది. "అన్నయ్యా, ఆయన ఆకలితో పోయాడా? దిక్కు లేకుండా పోయాడా?"

"లేదు చెల్లెమ్మా. గంజి తాగాడు. నేనే పోశాను. పాడె మనవాళ్ళే మోశారు" అన్నాడు పల్లంరాజు.

అబద్ధమే. పరాయి చేతి గంజి తాగి, పరాయి భుజాల మీద పోయాడని తెలిస్తే సత్తియ్యకి జరిపిన కర్మలన్నీ చెల్లవంటారు. వీరవేణిని కూడా వెలేస్తారు. అందుకే ఆ మాట కడుపులోనే దాచాడు. మరి తన సంగతి కూడా దాచుకోవాలా వద్దా? ఆ తెలివి లేకపోయింది. వీరవేణి "మరి ఆ రోజు నీకు కూడెవరు పెట్టారు అన్నయ్యా?" అని అడగ్గానే, మనసులో ఏమీ లేని మనిషి కాబట్టి, పెప్పయ్య సంగతి, బల్ల సంగతి, పళ్ళెం సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అటూ ఇటూ చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళందరూ విన్నారు. సాయంత్రానికి ఆ మాట కులపెద్ద గుమ్మంలో ఉంది.

కులపెద్ద పేరు బుల్లబ్బాయి. డెబ్బై ఏళ్ళవాడిని ఊరంతా బుల్లబ్బాయి గారూ అని పిలవడం విన్నవాళ్ళకి నవ్వొస్తుంది గానీ, ఆయన ఎదుట నవ్వినవాడు లేడు. చెడ్డవాడు కాదు. పేటలో ఎవరింట చావు జరిగినా మొదటి కబురు ఆయనకే, మొదటి భుజమూ ఆయనదే. కట్టు తప్పితే పేట చెదిరిపోతుందని గట్టిగా నమ్మినవాడు. మర్నాడు పొద్దున్నే పెద్దల్ని కూర్చోబెట్టి పల్లంరాజుని పిలిపించాడు.

"ఏం తిన్నావురా అక్కడ?"

"కూడు తిన్నానండి."

"మాంసం ఉందా అందులో?"

"ఉందండి."

"ఏ మాంసం?"

"అడగలేదండి. చావుకూడు ఏంటని అడుగుతామాండి మనం?"

పెద్దలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బుల్లబ్బాయి గడ్డం నిమురుకున్నాడు. "మనవాడు తెస్తే చావుకూడు. పరాయివాడు తెస్తే అది ఉత్త మైల. పాడె మోసినవాడికే చావుకూడు పెట్టే హక్కు. వాడేమైనా సత్తియ్య పాడె మోశాడా?"

అదిగో, ఆ ఒక్క మాట చెబితే చాలు, పల్లంరాజు గట్టెక్కిపోయేవాడు. మోశాడండీ, ముందుకొమ్ము పట్టాడండీ అంటే పెద్దల నోళ్ళు మూతపడేవి. నాలుక చివరిదాకా వచ్చింది. తలెత్తి చూస్తే ఆడవాళ్ళ వెనకాల, తెల్లబోయిన మొహంతో వీరవేణి నిలబడి ఉంది.

"లేదండి. మనవాళ్ళే మోశారండి" అన్నాడు.

"అయితే తప్పే" అన్నాడు బుల్లబ్బాయి. "మూడు రోజులు గడువిస్తున్నాను. అందరి ఎదుటా వచ్చి తినకూడనిది తిన్నానని మూడుసార్లు చెప్పు. కాల్చిన బంగారం నాలుకకి అంటించుకో. శుద్ధి అయిపోతుంది. లేదంటావా, నిప్పు లేదు, నీళ్ళు లేవు. మీ ఇంట మంచికీ చెడ్డకీ ఒక్కడూ గుమ్మం తొక్కడు. మీ అమ్మ పరిస్థితి చూసి మరీ చెప్పు."

ఆ చివరి మాటకి పల్లంరాజు తన ఇంటి వైపు చూశాడు. పెద్దింట్లమ్మ నెల రోజులుగా మంచం దిగడం లేదు. ఒళ్ళంతా నీరు పట్టింది, ఆయాసం. ఇవాళో రేపో అన్నట్టుంది. తల్లి పోతే నాలుగు భుజాలు కావాలి. భుజాల కోసం వీధి వీధీ తిరిగి బతిమాలడం ఎలా ఉంటుందో ఆయన ఒకసారి చూసే వచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దింట్లమ్మ కళ్ళు తెరిచింది. "ఒరే నాయనా, పేటంతా ఏదో అంటోంది. నీ నోటితో చెప్పు. ఎందుకు తిన్నావురా?"

తల్లి దగ్గర దాచలేకపోయాడు. సత్తియ్యని భుజాన వేసుకుని తిరగడం దగ్గర్నుంచి, పెప్పయ్య గంజి పోయడం, పాడె ముందుకొమ్ము పట్టడం, బల్ల మీద పళ్ళెం దాకా అంతా చెప్పేశాడు. చెప్పి తలెత్తేసరికి పెరటి గుమ్మంలో వీరవేణి ఉంది. ముసలమ్మ కోసం గంజి కాచి తెచ్చినట్టుంది, చేతిలో ముంత అలాగే ఉంది. ఆమె ముంత గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున్న ఇసకమేట మీద పేటంతా చేరింది. బొగ్గుల కుంపటి, పట్టకారు, అందులో చిన్న బంగారపు తునక. పల్లంరాజు స్నానం చేసి తడిబట్టలతో వచ్చి నిలబడ్డాడు. తల్లి నోట్లో ఆఖరి గంజి తను పొయ్యాలి, తల్లిని పదిమందీ మొయ్యాలి, అంతకంటే ఆయనకి ఇంకో ఆలోచన లేదు. తినకూడనిది తిన్నాను అన్నాడు ఒకసారి. రెండోసారి అనేటప్పుడు గళ్ళ గుడ్డ కళ్ళ ముందు ఆడింది. మూడోసారి మెల్లిగా అంటే బుల్లబ్బాయి "గట్టిగా" అన్నాడు. గట్టిగానే అన్నాడు. ఆడవాళ్ళలో వీరవేణి తల వంచుకుని నిలబడింది. ఆమె నోరెత్తనందుకు పల్లంరాజు మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నాడు. తరవాత నోరు తెరిచాడు.

నాలుక చుర్రుమన్న చప్పుడు ముందు వరసలో ఉన్నవాళ్ళకి వినపడిందట.

శుద్ధి అయిపోయింది. బుల్లబ్బాయే దగ్గరకొచ్చి భుజం తట్టాడు. పల్లంరాజు పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చి, గంజి ముంత తీసుకుని తల్లి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. చెంచా పెదవుల దగ్గర పెట్టాడు. పెద్దింట్లమ్మ నోరు తెరవలేదు.

"అనేసొచ్చావా?" అంది.

ఆయన నాలుక వాచిపోయింది. తల ఊపాడు.

"మన సత్తిగాడి నోట్లో గంజి పోసిన చెయ్యిరా అది. వాణ్ణి మోసిన భుజంరా. ఆ మనిషి కూడు తినకూడని కూడా? నలుగుర్లో నిలబడి ఆ మాటన్న నోటితో నన్ను అమ్మా అనకు. ఆ చేత్తో నాకు పెట్టకు" అని, ముసలమ్మ మొహం గోడ వైపు తిప్పేసుకుంది.

"నీ కోసమేనే అమ్మా... నిన్నెవరు మోస్తారే" అన్నాడు ముద్ద ముద్దగా.

"ఇసకలో ఈడ్చుకెళ్ళు. ముళ్ళు గుచ్చుకున్నా నాకు తెలుస్తుందేంట్రా?"

తల్లి ఆకలితో ఉంది. ఆయాసంతో డొక్కలు ఎగిరిపడుతున్నాయి. అయినా గోడ వైపు నుంచి ఇటు తిరగలేదు. చివరికి పల్లంరాజు లేచి, పొద్దు నడినెత్తికి రాకముందే బుల్లబ్బాయి అరుగు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"పొద్దున్న నేనన్నది అబద్ధమండి. అది తప్పు కూడు కాదండి" అన్నాడు.

బుల్లబ్బాయి నమ్మలేనట్టు చూశాడు. "ఒరే, నీకేమైనా మతి పోయిందా? నాలుక కాల్చుకున్న మంట ఆరలేదు. రేపు మీ అమ్మ పోతే ఎవర్రా వచ్చేది?"

"నేనున్నానండి."

"నువ్వొక్కడివేం చేస్తావురా? పాడెకి నాలుగు కొమ్ములుంటాయి."

పల్లంరాజు దండం పెట్టి వచ్చేశాడు. ఆ మధ్యాహ్నం పెద్దింట్లమ్మ కొడుకు చేతి గంజి నాలుగు చెంచాలు తాగింది. తాగి, వాచిపోయిన చేత్తో వాడి మూతి తుడిచింది.

ఆ పూట నుంచే ఆ ఇంటికి నిప్పూ నీళ్ళూ బంద్. చెకుముకి రాయి కొట్టి పొయ్యి వెలిగించుకున్నాడు. కోసెడు దూరం నడిచి కాలవ నీళ్ళు తెచ్చుకున్నాడు. వీరవేణి కూడా రావడం మానేసింది. ఆమెని తప్పు పట్టలేం. ఒంటరి ఆడది, రెక్కల కష్టం మీద బతికేది, పేట కాదంటే ఎండుచేప కూడా అమ్ముడుపోదు. నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు తెల్లారాక, ఎండ గుమ్మంలోకి వచ్చే వేళకి పెద్దింట్లమ్మ ప్రాణం పోయింది.

పల్లంరాజు ఎవరికీ కబురు చెయ్యలేదు. తనే నీళ్ళు పోశాడు, తనే కొత్త గుడ్డ కప్పాడు. రెండు వెదుళ్ళు కోసి తనే పాడె కట్టాడు. వీధిలోకి తెచ్చి దించాడు. అటూ ఇటూ గుమ్మాల్లో మనుషులు నిలబడి ఉన్నారు, కొంతమంది ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. ఒక్కరూ గుమ్మం దిగలేదు. బుల్లబ్బాయి తన అరుగు మీద కూర్చుని నేల చూస్తున్నాడు. ఆ పేటలో ఆయన మొయ్యని పాడె అదే మొదటిది.

పల్లంరాజు వెదుళ్ళ తలవైపు కొసలు రెండూ రెండు చంకల్లో ఇరికించుకుని లాగాడు. కాళ్ళవైపు ఇసకలో దిగబడింది. రెండడుగులు ఈడ్చేసరికి పెద్దింట్లమ్మ తల పక్కకి వాలిపోయింది. దించి, తల సర్ది, మళ్ళీ పట్టుకున్నాడు. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు.

"ఆగు అన్నయ్యా."

వీరవేణి. కొంగు నడుముకి బిగించి వీధి మధ్యకి వచ్చి నిలబడింది. బుల్లబ్బాయి అరుగు వైపు తిరిగింది.

"పెద్దయ్యగారూ, మీరడిగిన దానికి మా అన్నయ్య అబద్ధం చెప్పాడండి. మా ఆయన పాడె మనవాళ్ళెవరూ మొయ్యలేదండి. పిలిస్తే రాలేదండి. గంజి పోసిందీ, ముందుకొమ్ము పట్టిందీ ఆ ఇటలీ ఆయనేనండి. నాకు వారం నుంచీ తెలుసు. మీరు నన్నూ వెలేస్తారని భయపడి, మా అన్నయ్య నాలుక కాలుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఇహ నావల్ల కాదు. ఏం చేసుకుంటారో చేసుకోండి."

"ఆడది పాడె పట్టడమేంటే!" అన్నారెవరో వెనకనుంచి.

ఆమె వినిపించుకోలేదు. వంగి కాళ్ళవైపు వెదుళ్ళు రెండూ పట్టుకుంది. పల్లంరాజు ఆమె మొహంలోకి చూసి, తలవైపు కొసలు గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ లేపారు. నాలుగు భుజాల బరువు నాలుగు చేతుల మీద పడింది. ఇసకలో కాళ్ళు కూరుకుపోతుంటే, ఆగి ఆగి, ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళకి వినపడుతుండగా పెద్దింట్లమ్మని కాటికి చేర్చారు. నడుమున దోపుకుని తెచ్చిన చెకుముకి రాయి కొట్టి, ఆ నిప్పుతోనే పల్లంరాజు తలకొరివి పెట్టాడు.

సముద్రంలో మునిగి, తడిబట్టలతో ఇద్దరూ తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వీధిలో పురుగు లేదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. పల్లంరాజు తన ఇంటి ముందుకి వచ్చి ఆగిపోయాడు.

గుమ్మంలో గిన్నెలున్నాయి. ఒకటి కాదు, ఏడెనిమిది ఉన్నాయి. మట్టి ముంతలు, మూకుళ్ళు, మీద అరిటాకులు కప్పి, ఎగిరిపోకుండా ఆకులమీద గులకరాళ్ళు పెట్టి. అన్నం ఆవిరి ఇంకా వస్తోంది. వాటి మధ్య ఒక కంచు గిన్నె ఉంది. ఆ పేటలో కంచు గిన్నె ఉన్న ఇల్లు ఒక్కటే. ఆ ఇంటి అరుగు ఇప్పుడు ఖాళీగా ఉంది.

వీరవేణి ఆ కంచు గిన్నె వైపు చూసింది, ఆయన వైపు చూసింది. నోరు తెరిచి ఏదో అడగబోయింది.

పల్లంరాజు గుమ్మంలో చతికిలబడి, ఆ గిన్నె దగ్గరికి లాక్కుని, మీది ఆకు తీసి ఆమె ముందు పరిచాడు.

"కూర్చో" అన్నాడు.

ఆమె కూర్చుంది. కాలిన నాలుకకి అందులో ఉన్నది చేపో, రొయ్యో, వట్టి పులుసో ఆయనకి తెలియలేదు. ముద్ద కలిపి ఆమె ఆకులో పెట్టాడు.

"తిను."